దీవిలో రెండించుల నీళ్లు

నేను సముద్రం చూడలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు, నాకు కోపం వస్తుంది. కర్ణాటకలోని మా పావగడ తాలూకాలో ఇప్పటికి నలభై నాలుగు గోడల మీద నలభై నాలుగు దీవులు వేశాను. దేవుడి పటాలు వేసేవాణ్ణి "దేవుణ్ణి చూసినావా?" అని ఎవరూ అడగరు. దీవి వేసేవాణ్ణి మాత్రం సముద్రం చూశావా అని అందరూ అడుగుతారు.

నా పేరు కేశవమూర్తి. ఒకప్పుడు లారీల వెనక నంబర్లు, బడి గోడల మీద మ్యాపులు, ఎన్నికలప్పుడు గుర్తులు వేసుకుని బతికేవాణ్ణి. సోలార్ పార్కు వచ్చాక వల్లూరు చుట్టుపక్కల పొలాలు లీజుకిచ్చినవాళ్లు కొత్త ఇళ్లు కట్టుకున్నారు. ప్రతి కొత్త ఇంట్లోనూ హాల్లో ఒక పెద్ద గోడ ఖాళీగా మిగిలేది. దానికి సీనరీ కావాలనేవాళ్లు. ఎట్లాంటి సీనరీ అని అడిగితే, ఈడ లేనిది ఏదైనా సరే అనేవాళ్లు. ఇక్కడ లేనిదంటే నీళ్లే కదా. అట్లా నేను దీవుల్లోకి దిగాను.

నా దీవి ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన ఒక క్యాలెండరులో పుట్టింది. నీలం నీళ్లు, తెల్లటి ఇసుక, ఒక పక్కకి వాలిన మూడు కొబ్బరిచెట్లు, ఒక గుడిసె, వెనక అస్తమించే సూర్యుడు. ఆ సూర్యుడి నడిమధ్యలో ఒక నల్లటి చుక్క ఉండేది. సముద్రం మీద సూర్యుడు అట్లాగే ఉంటాడేమో అనుకుని, మూడేళ్లపాటు ఆ చుక్కని శ్రద్ధగా, సన్న బ్రష్షుతో వేశాను. ఒకరోజు నా భార్య పుష్పావతి గోడ దులుపుతూ, "ఇది నువ్వు మేకు కొట్టిన బొక్క గదప్పా" అంది. క్యాలెండరు పైరేకు ఊడిపోతే మేకు కొట్టింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజునుంచి చుక్క మానేశాను. చుక్క ఉన్న దీవులు వెంకటమ్మనహళ్లిలో ఇంకా ఆరు ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లకి నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి.

ఇంకో మాట కూడా ఇక్కడే తేల్చేస్తాను. బెంగుళూరు నుంచి కెమెరాలు మెడలో వేసుకుని వచ్చేవాళ్లు గుట్ట ఎక్కి, సోలార్ ప్యానెళ్లని చూసి, అచ్చం సముద్రం మాదిరి ఉందని మురిసిపోతుంటారు. వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. పుష్పావతి నాలుగేళ్లు ఆ ప్యానెళ్లు తుడిచే పనికి పోయింది. సముద్రాన్ని ఎవరైనా గుడ్డ పెట్టి తుడుస్తారా?

ఇక అసలు విషయానికి వస్తాను. నలభై నాలుగో దీవి వల్లూరులో శ్రీనివాస ఇంట్లో. శ్రీనివాస సోలార్ పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ. ఉన్న నాలుగెకరాలూ పార్కుకి లీజుకిచ్చి, పాత ఇంటి ముందర కొత్త ఇల్లు లేపాడు. శుక్రవారం గృహప్రవేశం. సోమవారం పొద్దున నేను గోడకి ప్రైమర్ కొట్టాను, మంగళవారం మధ్యాహ్నానికి దీవి పూర్తయింది. చేయి తిరిగిన పని, కళ్లు మూసుకుని కూడా వేయగలను. నిజం చెప్పాలంటే ఆ మధ్య అట్లాగే వేస్తున్నాను.

అప్పుడు శ్రీనివాస తల్లి ఓబక్క పాత ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, నిటారుగా నడుస్తుంది. గోడకెదురుగా కుర్చీ వేసుకుని, ఆకు వక్క నమిలినంతసేపూ నా దీవిని చూసింది.

"పెయింటరప్పా, ఈడ మనుషులుండారా?"

"ఉండారు పెద్దమ్మా. అదో గుడిసె."

"ఏం తాగతారు?"

నేను నవ్వాను. "సుట్టూ నీళ్లే గదా!"

"అవి ఉప్పునీళ్లంట. టీవీలో జెప్పినారు."

"టెంకాయనీళ్లు తాగతారులే."

"మూడు సెట్లకి ఎన్ని కాయలు కాస్తాయి, ఎన్నాళ్లొస్తాయి?" అని వేళ్లు మడిచి లెక్కేసింది. "రెండు నెలలు. ఆ పైన సచ్చిపోతారు. నా ఇంట్లో, నా కండ్లముందర మనుషులు దప్పికతో సచ్చేది నేను సూడలేనప్పా. గురువారం పొద్దు గుంకేలోపల దీనికి ఏదన్నా దావ జూడు. లేదంటే నేనే సున్నం కొడతా."

తమాషాకి అంటోందేమోనని శ్రీనివాస వైపు చూశాను. అతను తల గోక్కున్నాడు.

"అమ్మ కొడతానంటే కొడతాదన్నా. పావగడలో నందీష్ అని స్టిక్కర్లు అంటించేవాడు ఉండాడు. ఎప్పుడు పిల్సినా గంటలో వచ్చి జలపాతం అంటించి పోతానన్నాడు."

అదే వీధిలో ఇంకో రెండు ఇళ్లు లేస్తున్నాయి. ఆ ఇళ్లవాళ్లు ఇద్దరూ శ్రీనివాస ఇంటి గోడ చూశాకే మాట్లాడదాం అన్నారు. నలభై మూడు గోడల్లో ఒక్క గోడ మీదా ఎవరూ సున్నం కొట్టలేదు. ఈ ఒక్కచోట కొట్టారంటే, ఆ మాట పక్కూరు మంగళవాడ దాటి పోతుంది, ఇక ఊరూరా నందీష్ జలపాతాలే. పని పోతుందన్న భయం ఒకటైతే, పరువు సంగతి ఇంకొకటి. ఈ రెండోదే నన్ను ఎక్కువ పొడిచింది.

సాయంత్రం ఇంటికెళ్లి పుష్పావతి దగ్గర ఓబక్కని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఆర్వో ప్లాంటు నుంచి నీళ్ల క్యాను మోసుకొచ్చి అప్పుడే దించుతోంది. ఇక్కడి బోరునీళ్లు తాగితే పళ్లు గారపట్టి మోకాళ్లు పట్టేస్తాయని ప్రతి ఇంట్లోనూ అదే క్యాను, అదే మోత.

"ఆయమ్మ అడిగిందాంట్లో తప్పేముండాది?" అంది పుష్పావతి నడుం పట్టుకుని. "ఎనిమిదేండ్లుగా ఆ గుడిసెలో వాళ్లని నీళ్లు లేకుండా ఎండబెడతాండావు. ఈ తాలూకాలో పుట్టి, నీళ్లు యాడివి అని ఆలోచన జెయ్యకుండా ఊరు గట్టినోడివి నువ్వొక్కడివేప్పా."

నేను మాట మార్చి, అన్నంలోకి ఏముందని అడిగాను. ఆమె చెప్పింది నిజమైనప్పుడు నేను అట్లాగే చేస్తాను.

బుధవారం పొద్దున్నే వెళ్లి, గుడిసె పక్కన చక్కగా ఒక బోరింగు వేశాను. పచ్చరంగు, పొడుగాటి చేతిపిడి, కింద ఒక బిందె కూడా. ప్రపంచంలో ఏ చిత్రకారుడూ దీవిలో బోరింగు వేసి ఉండడు. అయినా వేశాను, మీసం దువ్వుకుని పక్కకి నిలబడ్డాను.

ఓబక్క వచ్చింది, కూర్చుంది, చూసింది.

"ఈడ పాయింటు ఎవురు జూసినారు?"

"ఏంది?"

"బోరు యాడ పడితే ఆడ ఏస్తారా? గుడిసె పక్కన నీడగా ఉండాదని ఏసినావా? ఈడ ఒక్క సుక్క పడదు."

నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకుని, ముఖం కడుక్కుందామని వెనక పాత ఇంట్లోకి వెళ్లాను. నీళ్లతొట్టి పక్కన గోడగూట్లో ఒక టెంకాయ ఉంది. పీచు తీసి జుట్టు మాత్రం వదిలిన టెంకాయ, దుమ్ము పట్టి నల్లబడిపోయింది. ఊరికే చేతిలోకి తీసుకున్నాను. లోపల ఎండిన కొబ్బరి గలగలమంది.

"పెట్టు దాన్ని!"

ఓబక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఆ అరుపుకి టెంకాయ జారబోయింది. పట్టుకుని గూట్లో పెట్టేసి, తప్పు చేసిన బడిపిల్లాడిలా బయటికొచ్చాను. శ్రీనివాస నన్ను వాకిట్లోకి తీసుకెళ్లి అప్పుడు చెప్పాడు.

ఓబక్క బోరు పాయింట్లు చూసే మనిషి. అరచేతిలో టెంకాయని అడ్డంగా పడుకోబెట్టుకుని చేలో చెప్పుల్లేకుండా నడిచేది. నీళ్లున్నచోట టెంకాయ దానంతటది లేచి నిలబడేది. అక్కడ రాయి పాతేవాళ్లు, మర్నాడు బోరుబండి వచ్చేది. మంగళవాడ నుంచీ, ఇంకా దూరంనుంచీ బండ్లు కట్టుకొచ్చి పిలుచుకుపోయేవాళ్లు. ఆమెకి ఒక నియమం ఉంది. ఏ టెంకాయతో పాయింటు చూసిందో, దాన్ని నీళ్లు పడ్డాకే కొడుతుంది. పడేదాకా దాచిపెడుతుంది.

"అందరి సేన్లలో పడినాయన్నా, మా నాలుగెకరాల్లో తప్ప. మూడుసార్లు పాయింటు జూసింది, మూడూ ఫెయిలు. ఆ టెంకాయ మూడోదానిది. ఆ పైన్నే మేము భూమి లీజుకిచ్చింది. ఇప్పుడు ఈ పక్క బోరేసేటోళ్లు ఎవురుండారు? అంతా ప్యానెళ్లే. అమ్మని పిలిసి ఆరేండ్లాయె."

జాలి కలగాలి కదా? కలగలేదు. ఆ రోజు నాకున్న చిరాకు అట్లాంటిది. లోపలికి వెళ్లి, బ్రష్షు ఆమె ముందుకి చాచి, "సరే పెద్దమ్మా! నాకు తెలీదు. నువ్వే జూపీ, యాడ ఏయాల్నో!" అని గట్టిగా అన్నాను. దెప్పిపొడుపుగానే అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. దెప్పిపొడుపు ఆమెకి వినపడలేదు. అడిగింది మాత్రమే వినపడింది.

లేచి వెళ్లింది. తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంది, కొంగు నడుముకి దోపుకుంది. గూట్లోని టెంకాయ తుడిచి తెచ్చింది.

"అమ్మా, వద్దు. టైల్సోళ్లు సూస్తాండారు" అన్నాడు శ్రీనివాస. టైల్సు పరిచేవాళ్లు నిజంగానే పని ఆపి పళ్లికిలిస్తున్నారు.

ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. టెంకాయని అరచేతిలో పడుకోబెట్టి, దీవి ఎత్తుకి చేయి చాచి, గోడ వెంబడి ఎడమనుంచి కుడికి అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. గుడిసె దాటింది. కొబ్బరిచెట్లు దాటింది. ఇసుక అయిపోయింది, నీళ్లొచ్చాయి. టెంకాయ పడుకునే ఉంది. వెనక్కి తిరిగి ఇంకోసారి నడిచింది. రెండోసారీ టెంకాయ లేవలేదు.

ఓబక్క కుర్చీలో కూర్చుని టెంకాయ ఒళ్లో పెట్టుకుంది.

"బొమ్మలో గూడా నాకు పడలేదు" అంది.

టైల్సువాళ్లు తలలు దించుకున్నారు.

"శీనా, సున్నం కొట్టేయప్పా. నందీష్‌ని పిలువు."

అప్పుడు వచ్చింది నాకు దుఃఖం. ఆలస్యంగా వచ్చినందుకేమో అంతా ఒకేసారి వచ్చింది. నా గోడ సంగతి, ఆ వీధిలో రెండు ఇళ్ల సంగతి మర్చిపోయానని చెప్పను, అవీ మనసులో ఉన్నాయి. కానీ ఈ మనిషి నా దీవిలో ఓడిపోయింది. ఆ దీవి నాది కూడా కాదు, ఎరువుల కొట్టువాళ్లది. అందులో నీళ్లెక్కడినుంచి వస్తాయి?

"తప్పు నీ టెంకాయది కాదు పెద్దమ్మా" అన్నాను. "నా దీవిలో నేల యాడుండాది? నాలుగడుగుల ఇసుక. ఇసకలో ఎవురన్నా పాయింటు జూస్తారా? నువ్వు గురువారం పొద్దుగుంకేదాకా టైమిచ్చినావు. ఇంకా ఒకటిన్నర దినముంది."

ఆమె కుర్చీని గోడ దగ్గరికి జరుపుకుంది.

"నీ సేను ఎట్లుండేది? జెప్పు."

మొదట ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఎర్రనేల. తూరుపు గట్టు మీద ఒక కానుగచెట్టు. దాని పక్కన ఏనుగు కూర్చున్నట్టు ఒక రాతిగుండు. శెనిక్కాయ పూత మీదున్నప్పుడు పొద్దున్నే చేనంతా పసుపు చుక్కలు. గట్టు వెంబడి గొర్రెలు తొక్కిన దారి, ఆమె మామ కాలంనాటిది. గట్టు యాడ వంగుతుంది, వంక యాడ తగులుతుంది అని నేను అడుగుతూ పోయాను. కాసేపటికి ఆమె కుర్చీలోంచి లేచి వచ్చి, గోడ మీద వేలుపెట్టి చూపిస్తూ నన్నే కసరడం మొదలుపెట్టింది.

"అట్ల కాదప్పా, గుండు ఇంకా ఎత్తు! నీకు ఏనుగంటే తెల్సునా?"

"సముద్రమే తెలీదు పెద్దమ్మా, ఏనుగొకటా!"

ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నందాకా వేశాను. క్యాలెండరు సంచిలోనే ఉండిపోయింది. తెల్లటి ఇసుక మీద ఎర్రమన్ను పోశాను. దీవిని సాగదీసి సాగదీసి కిటికీ దాకా తెచ్చాను. సముద్రం పాపం రెండు పక్కలా ఒక్కో మూరెడు మిగిలింది. శెనిక్కాయ ఆకులు ఎనిమిదేళ్లుగా లేనంత నెమ్మదిగా, ఒక్కొక్కటీ చూసుకుంటూ వేశాను. ఈ ఆకు తర్వాత ఏ ఆకు వస్తుందో నాకు ముందే తెలీదు, అందుకని. మూడు కొబ్బరిచెట్లని మాత్రం చెరపలేదు. ఓబక్క కూడా ఉండనీలే, నీడకి అంది.

గురువారం నాలుగు గంటలకి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా గోడ మీద పడింది. ఓబక్క కాళ్లు కడుక్కుని వచ్చింది. ఈసారి శ్రీనివాస వద్దనలేదు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, యూనిఫాంతోనే గుమ్మంలో నిలబడ్డాడు.

ఆమె నడిచింది. గుడిసె, కొబ్బరిచెట్లు, దారి. టెంకాయ గలగలమంటోంది. చేను సగం దాటింది. గుండు దాటింది. కానుగచెట్టు దగ్గర కాలు ఆగింది. అరచేతిలో టెంకాయ ఒకసారి అటూ ఇటూ దొర్లి, నెమ్మదిగా లేచి, జుట్టు పైకి పెట్టుకుని నిలబడింది.

ఆమె బొటనవేలు కదిలిందా అని మీరు అడగబోతున్నారు. ఆ సమయానికి నేను బ్రష్షు కడుక్కుంటున్నాను. శ్రీనివాస చూశాడేమో, నేను అడగలేదు.

"ఈడ" అంది ఓబక్క, వేలుతో గోడని నొక్కి. రంగు ఇంకా తడిగా ఉంది, వేలిముద్ర పడింది. ఆ ముద్ర మీదే కేసింగు పైపు దించాను. పాత బోరింగుని చెరిపేశాను. మోటారు, పైపు, పైపు మూతిలోంచి నీళ్లు. నీళ్లు వేయడం మొదలుపెడితే నా చేయి ఆగదు, ఎన్నేళ్ల అలవాటు! తెల్లరంగు, నీలం, మళ్లీ తెల్లరంగు. ధార వెడల్పవుతూ పోతోంది.

"ఆపప్పా, ఆపు! ఎన్నించుల నీళ్లు ఏస్తాండావు?"

"నాలుగించులు పెద్దమ్మా. నీ బోరు గదా!"

"రెండు జాలు" అంది. "నాలుగంటే ఎవురూ నమ్మరు."

శుక్రవారం చుట్టాలు, ఊరివాళ్లు, శ్రీనివాసతోపాటు గేటు కాసేవాళ్లు అందరూ వచ్చారు. పుష్పావతి కూడా నా పక్కన నిలబడింది. అందరూ గోడ ముందు ఆగారు. సముద్రాన్ని ఒక్కరూ చూడలేదు. కొబ్బరిచెట్లని ఎవరూ మెచ్చుకోలేదు. మంగళవాడ నుంచి వచ్చిన మల్లేశప్ప అనే పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, కానుగచెట్టు దగ్గరికి వంగి చూశాడు.

"రెండించులు వస్తాండాదే! పాయింటు ఎవురు జూసినారు?"

"నేనే" అంది ఓబక్క.

"ఎన్నడుగులకి పడినాయి?"

"మున్నూటిరవై."

ఆయన తలూపాడు. ఈ రోజుల్లో మూడువందల ఇరవైకి పడడమంటే అదృష్టమే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అవునన్నారు. నేను పుష్పావతి వైపు చూశాను. ఆమె కూడా తలూపుతోంది.

పూజ చేయించే ఆంజినప్పస్వామి గడపకి కొట్టడానికి టెంకాయ అడిగాడు. శ్రీనివాస కొత్తది ఇచ్చాడు. ఓబక్క తన పాతదాన్ని తెచ్చింది. స్వామి ముఖం చిట్లించి, ఇంత పాతకాయ గడపకి పనికిరాదన్నాడు.

"ఇది గడపకి కాదు సామీ, బోరుకి" అంది.

వంగి నా బోరు కేసింగుకి పసుపు పూసింది, కుంకుమ పెట్టింది. రెండు రోజులు కష్టపడి వేసిన రంగు మీద పసుపు మరక పడింది. ఇంకెవరైనా అయితే నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఆమె గోడ కింద పెట్టిన రాయి మీద టెంకాయ కొట్టింది. ఒకటే దెబ్బ. చిప్ప రెండుగా విడిపోయి, లోపలినుంచి ఎండుకొబ్బరి గుండు చెక్కుచెదరకుండా దొర్లి బయటికొచ్చింది. అది ఏ టెంకాయో తెలిసినవాళ్లం ముగ్గురమే. శ్రీనివాస వాళ్లమ్మ చేయి పట్టుకుని, అంతమందిలో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చుట్టాలు కొత్త ఇంటి సంతోషం అనుకున్నారు.

ఓబక్క కొబ్బరిని ముక్కలు చేసి, మొదటి ముక్క నా చేతిలో పెట్టింది.

"తిను పెయింటరప్పా. నీళ్లు పడినాయి."

ఆరేళ్ల కొబ్బరి. ముక్కిన వాసన, నోరంతా చేదు. నమిలి మింగి, ఇంకో ముక్క అడిగాను.